జల్లాఖ్ ఇసుకల ఎర్ర జాకెట్

పరమేశ్ బహ్రెయిన్ల ఏసీలు బిగించే మేస్త్రి. ఈ దేశంల గుట్ట అని చెప్పుకునేది ఒక్కటే, అవాలి ఊరు దాటినంక ఉంటది. దాన్ని మేక కూడా ఆగకుండ ఎక్కుతది, పరమేశ్ నడుమ రెండుసార్లు కూలబడి ఎక్కిండు. అసుంటోడు నేషనల్ డే సెలవులకు జార్జియా పోయి మంచుకొండ ఎక్కుతనని తయారైండు. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతనన్నదట! ఆయన పెండ్లాం కళ నవ్వి ఊకునేదే, కానీ తోడుకు ఆమె తమ్ముడు ముత్యంను తోలుకపోతనన్నడు. అగో, అక్కడ ఆమెకు గుబులు బట్టింది.

ముత్యంకు బావ మాటంటే వేదం. శుక్రారం శుక్రారం తానుండే లేబర్ క్యాంపుకెల్లి గలాలీల అక్క ఇంటికి అన్నానికొచ్చి, బావ ఫోన్ల చూపెట్టే మంచు వీడియోలు నోరు తెరుసుకోని చూసేటోడు.

జార్జియాల వీళ్లు దిగే గెస్ట్‌హౌజ్ నడిపే మనిషి మర్యాదగనే వాయిస్ మెసేజ్ పెట్టిండు. ఇప్పుడిప్పుడే మంచు మొదలైంది, ముందు పడ్డది గట్టిపడి నున్నగైంది, దానిమీద గాలి తెచ్చి పోసింది ఇంకా అతుక్కోలేదు, మనిషి కాలు పెడితే చాలు ఏటవాలంత జారి మీద పడుతది అన్నడు. పూడుకపోయినోన్ని పావుగంటల తియ్యకుంటే ఆశ ఉండదన్నడు. కింద చదును జాగలనే తిరగండి, గైడ్ లేంది పైకి పోవద్దన్నడు. పరమేశ్ వింటడా? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. గింతంత మంచు ఏం జారుతదని, ఎడారిల ఇసుక దిబ్బల మీదికి బండి ఎక్కించినోనికి ఇదొక లెక్కనా అని ఎగతాళి చేసిండు. పైగా రెండు పాత బీకన్లు కొనుక్కొచ్చిండు. చెరొకటి ఒంటికి కట్టుకుంటే, ఒకలు మంచుల పూడినా రెండో డబ్బ వాళ్లెక్కడున్నరో బాణం గుర్తుతోని చూపెడుతదట. అవి చేతికొచ్చినకాడికెల్లి ఆ కొండ తన అత్తగారిల్లయినట్టు మాట్లాడవట్టిండు.

కళ కొట్లాడలే. జల్లాఖ్ బీచ్‌కు పోదాం, ఆ డబ్బ ఎట్ల పనిచేస్తదో నాకొకసారి చూపెట్టు అన్నది.

ముగ్గురూ పోయిన్రు. మొగన్ని అటు తిరగమని, తమ్మునికి తాను కొన్న ఎర్ర జాకెట్ల బీకన్ పెట్టి, ఇసుకల లోతుగ పూడ్చింది. ముత్యం కిసకిస నవ్విండు. ఇది ముత్యమే అనుకోని ఇగ వెతుకు అన్నది.

ముందుగాల పరమేశ్ తన డబ్బను వెతికే బటన్ మీద పెట్టుడే మరిచిండు. అది యాదికొచ్చినంక జేబుల ఫోన్ తియ్యలే, దాంతోని బాణం పిచ్చిలేసినట్టు తిరిగింది. దాని వెంబడి మోకాళ్ల దాక సముద్రంల దిగిండు. ఎవలిదో చాప కింద తవ్వబోయి తిట్లు తిన్నడు. ఇంతట్ల కళ ఫ్లాస్కులకెల్లి చాయ్ పోసింది. ముత్యం ఒక గిలాస తాగి, ఇంకొకటి తాగి, పావుగంట దాటినంక నిమ్మళంగ గిలాసలు కడుక్కొచ్చిండు. ఇంత మొనగాని చేతుల్లనా నా తమ్ముని పానం అని కళ పండ్లు కొరికింది.

ఆఖరికి డబ్బతోని కాదు, కాలికి తట్టుకోని దొరికింది. గుంజితే ఇసుకలకెల్లి ముందు ఒక ఎర్ర చెయ్యి వచ్చింది, ఆనక ఇంకొకటి. ముత్యం నవ్వు ఆగిపోయింది. తానే పూడ్చినదైనా కళకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

పరమేశ్ జాకెట్ దులుపుకుంట, ఇసుక కాబట్టి కష్టమైంది, మంచుల అయితే అల్కగ దొరుకుతుండె అన్నడు. సిగ్గన్న లేదు మనిషికి! కళ నోరు తెరిచేలోపల, బావకు ఎన్నడూ ఎదురు చెప్పని ముత్యం మాట్లాడిండు.

“బావా, నేను గిలాసలు కడిగేటప్పటికే సచ్చిపోయిన గదా?”

పరమేశ్ జాకెట్ దులుపుడు ఆపిండు. తడి చేతులు ప్యాంటుకు తుడుసుకోని, ఫోన్ తీసి, గెస్ట్‌హౌజ్ ఆయన మెసేజ్ మొదటికెల్లి పెట్టిండు. ఈసారి నడుమ మాట్లాడలే.