మేం చూడం

మా కంపెనీ ప్రకటనల్లో వచ్చే తియ్యటి మాటలన్నీ నేను రాసినవే. సెర్చ్ వ్యాపారంలో మాకూ అవతలి కంపెనీకీ ఉప్పూ నిప్పూ. ఈసారి వాళ్ళను దెబ్బకొట్టడానికి రెండే పదాలు రాశాను: ‘మేం చూడం.’ మీరేం వెతికినా మేం తొంగిచూడమని అర్థం. నిజంగా నమ్మే రాశాను.

ఆ వారమే మా అక్కకి రొమ్ములో గడ్డ తగిలింది. బావకి కూడా చెప్పలేదు. “పరీక్ష తేలేదాకా మూడో మనిషికి తెలియకూడదే,” అని నా చేత ఒట్టు వేయించుకుంది. నా ఫోన్‌లో ఉన్నది మా కంపెనీ బ్రౌజరే. అందులో ముందు మా సెర్చ్‌లో వెతికాను, మనసు కుదుటపడక అవతలివాళ్ళ దాంట్లోనూ వెతికాను. ప్రాణం మీదికొచ్చినప్పుడు మనవాళ్ళేమిటి, పరాయివాళ్ళేమిటి?

మర్నాడు కాఫీ మెషిన్ దగ్గర మేనేజర్ పట్టుకున్నాడు. మా సెర్చ్ వాడేవాళ్ళ గ్రాఫు కాస్త కిందికి దిగితే అన్నం సయించని మనిషి.

“ఏంటండీ, గడ్డ గురించి వెతకాలంటే మన సెర్చ్ పనికిరాలేదా? అవతలివాళ్ళ దగ్గరికే పోవాలా?”

కప్పు పక్కన పెట్టేశాను. “మీకెలా తెలుసు?”

“బ్రౌజర్ మనదేగా. ఎవరు ఎందుకు అటు జారిపోతున్నారో చూసుకోవద్దూ?” అన్నాడు, అదేదో ఘనకార్యంలాగా.

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క కట్టుకున్నవాడికే చెప్పుకోలేని మాట ఈయన గ్రాఫులో చుక్కయి కూర్చుంది.

సాయంత్రం మీటింగ్. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ప్రకటన బయటికెళ్ళే ముందు కంపెనీ లాయరమ్మ, రాసినవాళ్ళను నిలబెట్టి “ఇది నిజమేనా?” అని అడుగుతుంది. “నిజం” అంటేనే సంతకం పెడుతుంది. ఎప్పుడూ నవ్వుతూ అనేసి కూర్చుంటాం.

“‘మేం చూడం.’ ఇది నిజమేనా?”

“అబద్ధం,” అన్నాను.

మేనేజర్ ముఖం మాడిపోయింది. “నోటికొచ్చినట్టు మాట్లాడకండి! రుజువేదీ?”

రుజువు చెబితే అక్క గుట్టు నలుగురిలో పడుతుంది. చెప్పకపోతే నా ఉద్యోగం పోతుంది. పోతే పోనీ.

“నేను చెప్పను. అది మా ఇంటి సంగతి. మా ఇంటి సంగతి మీ దాకా ఎలా వచ్చిందో మీరే చెప్పండి.”

లాయరమ్మ పెన్ను మూత పెట్టేసి మేనేజర్ వైపు తిరిగింది.

“మీరు లేవండి. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను, ఇది నిజమేనా?”

ఆయన లేచాడు. నేను కూర్చోలేదు.