గిన్నెల అడుగున పేర్లు

శనివారం పొద్దున పదిన్నరకి లవాన్ డైక్‌స్ట్రా వంటింటి నేల సగం తుడిచి, బకెట్లో నీళ్లు మార్చబోతుంటే ఫోను మోగింది. కూతురు కెండ్రా. పలకరింపు లేదు, ఏం లేదు.

"అమ్మా, ఎవరికి చెప్పావ్?"

"ఏం చెప్పానే?"

"నా సంగతి. ఎవరికి చెప్పావ్?"

మంగళవారం కెండ్రా ఇలాగే ఫోను చేసింది. పదకొండో వారంలో కడుపు పోయింది. తను పాఠాలు చెప్పే బడిలోనే, టీచర్ల బాత్రూములో. కడుపుతో ఉన్నట్టే ఎవరికీ తెలియదు, ఇక పోయినట్టు ఎవరికి చెప్పుకుంటుంది? "నీకూ, బ్రెంట్‌కీ, అంతే. నాన్నకి కూడా అప్పుడే చెప్పకు. చర్చిలో అసలే వద్దు," అని ఒట్టు వేయించుకుంది. లవాన్ ఒట్టు నిలబెట్టుకుంది. నాలుగు రోజులుగా మొగుడి ఎదురుగా కూర్చుని భోంచేస్తూ నోరు కుట్టేసుకుంది. ముప్పయ్యేళ్ల కాపురంలో అంతకంటే కష్టమైన పని తను చెయ్యలేదు.

"దేవుడి సాక్షిగా నేనెవరికీ చెప్పలేదే తల్లీ!"

"అయితే నా గుమ్మంలో ఈ మూడు గిన్నెలేంటి?"

లవాన్ చేతిలోంచి తుడుపుకర్ర గోడకి జారింది.

అయోవాలోని ఆ చిన్న ఊళ్లో ఏ ఇంటికి కష్టమొచ్చినా చర్చి సంఘంలోని ఆడవాళ్లు ఎవరూ అడక్కుండానే వండి పట్టుకెళతారు. బంగాళదుంపలు, హామ్, చికెన్ నూడిల్స్, పైన చీజ్ పరిచి ఓవెన్లో పెట్టిన గాజు గిన్నెలు. తిరిగి ఇవ్వడానికి వీలుగా గిన్నె అడుగున టేపు ముక్క మీద పేరు రాసి ఉంటుంది. లవాన్ తనే అలాంటివి వందల కొద్దీ మోసింది. కెండ్రా ఇప్పుడు ఆ మూడు గిన్నెలూ ఎత్తి చూసి పేర్లు చదివింది. బర్నీస్. గ్లెండా. ఆర్లిస్.

"బర్నీస్ గారైతే లోపలికొచ్చి కూర్చుందమ్మా. 'బిడ్డ యేసయ్య ఒళ్లో ఉందిలే, నీకింకా వయసుంది కదా' అంది. నేను నిన్నటి బట్టల్లో, జుట్టు కూడా దువ్వుకోకుండా నిలబడి ఉన్నాను. నా చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసింది. నేను ఆమేన్ అనేదాకా వదల్లేదు."

లవాన్‌కి ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే అల్లుడి పేరు తట్టింది.

"బ్రెంట్‌ని అడిగావా?"

"అడిగాను. వాడూ ఒట్టేశాడు."

"వాడి ఒట్టుకేం విలువే? క్రిస్మస్‌కీ, ఈస్టర్‌కీ తప్ప చర్చి గడప తొక్కని మనిషి. ఆ గాలిమరలు ఎక్కి పనిచేసే చోట కూర్చుని వాగి ఉంటాడు. అక్కణ్నించి పాకింది. నేను పెళ్లికి ముందే చెప్పాను, నువ్వు వినలేదు."

అటువైపు గిన్నె నేల మీద పెట్టిన చప్పుడైంది.

"నేను అనుకున్నదీ అదే," అంది కెండ్రా. "ఇప్పుడే బ్యాగు సర్దిచ్చి వాళ్లమ్మ ఇంటికి పంపించేస్తాను. ఇంత పెద్ద మాట దాచుకోలేని మనిషితో ఎలా ఉండను?"

లవాన్ ఫోను పెట్టేసింది. జాలి వెయ్యాల్సిన చోట ఆమెకి రవ్వంత తృప్తి కలిగింది. అల్లుడి మీద అయిదేళ్లుగా అనుకుంటున్నది ఇవాళ రుజువైంది కదా. ఆ సంగతి ఎవరైనా అడిగి ఉంటే మాత్రం ఒప్పుకునేది కాదు.

షెడ్డులోంచి మొగుడు హార్లన్ కాఫీకి వచ్చాడు. తడి నేల మీద బూట్లతో నిలబడ్డాడు.

"కెండ్రా సంగతి నిజమేనా?"

"నీకెవరు చెప్పారు?"

"నిన్న గింజల గోదాం దగ్గర మన సంఘం డ్వేన్ నా భుజం మీద చెయ్యేసి, 'చాలా బాధగా ఉంది హార్లన్, మా ఇంట్లో అందరం ప్రార్థన చేస్తున్నాం' అన్నాడు. మన పందుల షెడ్డులో మొన్న చచ్చిన పంది గురించేమో అనుకున్నాను. ఇందాక వాడే ఫోను చేసి 'కెండ్రా కడుపు పోయిందటగా' అన్నాకే అర్థమైంది. 'పర్లేదులే, ఇంకోటి తెచ్చుకుంటాం' అన్నానే నేను. నా మనవడి గురించి. ఇంట్లో ఉండి నువ్వు నాకు చెప్పలేకపోయావా?"

జవాబు లేనప్పుడు లవాన్‌కి కోపం రెట్టింపవుతుంది. కారు తాళాలు తీసుకుని బయటపడింది. ముందు కెండ్రా ఇంటికెళ్లి, గుమ్మంలో ఉన్న మూడు గిన్నెలూ వెనక సీట్లో పెట్టుకుంది. కెండ్రా తలుపు తియ్యలేదు. బ్రెంట్ నోటి మాట ఏ చెవిన పడిందో, అక్కణ్నించి ఎన్ని నోళ్లు మారిందో తేల్చి, సాక్ష్యంతో తిరిగొస్తానని లవాన్ మూసిన తలుపుకే చెప్పి కదిలింది.

గిన్నెల్లో తిండి తిండిలాగే ఉంది. ఆ ఊళ్లో ఖాళీ గిన్నెని కడిగి, తుడిచి, వీలైతే అందులో రెండు బిస్కట్లు పెట్టి తిరిగిస్తారు. నిండు గిన్నెని నిండుగా తిరిగివ్వడం అనేది ఎవరూ చూడలేదు.

బర్నీస్ తలుపు తీసి, గిన్నెలోకి చూసి, కళ్లజోడు సర్దుకుంది.

"అయ్యో, తినలేదా? ఉప్పు ఎక్కువైందా?"

"తినే స్థితిలో ఉందా అది? నీకెవరు చెప్పారు బర్నీస్?"

"ప్రార్థన గొలుసులో వచ్చిందమ్మా. గ్లెండా ఫోను చేసింది."

ప్రార్థన గొలుసు అంటే ఒక కాగితం. సంఘంలో ఆడవాళ్ల పేర్లు వరసగా ఉంటాయి. ఎవరికి ఆపద వచ్చినా మొదటి ఆవిడ రెండో ఆవిడకి, రెండో ఆవిడ మూడో ఆవిడకి ఫోను చేస్తారు. అరగంటలో ఊరంతా మోకాళ్ల మీద ఉంటుంది. ఆ కాగితం లవాన్ ఫ్రిజ్ మీద కూడా అంటించి ఉంది. అందులో బర్నీస్‌ది నాలుగో పేరు, మూడో పేరు లవాన్‌దే.

"నీకు ఫోను చెయ్యాల్సింది నేను కదా! గ్లెండా ఎలా చేసింది?"

బర్నీస్ నేలచూపులు చూసింది. "నిన్ను దాటేసిందిలే. నీకెలాగూ తెలుసు కదా అని."

తన కూతురి దుఃఖం తన పేరు మీదుగా దూకి పోయింది. లవాన్ పళ్లు పటపట కొరుక్కుంటూ గ్లెండా ఇంటికెళ్లింది. గ్లెండా కుట్టుమిషన్ ముందు నుంచి లేవనైనా లేవలేదు.

"నీ మంచికేగా దాటేశాను? నీ కూతురి సంగతి నీకే ఫోను చేసి చెబితే బాగుంటుందా?"

"అసలు ఎవరికైనా చెబితే బాగుంటుందా అని ఎందుకు అనుకోలేదు?"

"చెప్పడం ఏంటి లవాన్, ప్రార్థన కోసం కదా! నేనేమైనా చాడీలు మోశానా?"

"ప్రార్థన పేరు పెడితే చాడీ చాడీ కాకుండా పోతుందా?"

"అదేదో ఆర్లిస్ అక్కనే అడుగు. నాకు మాట వచ్చింది అక్కణ్నించే. ఇంతకీ ఆ గిన్నె అలా ఒంచకు, రసం కారుతోంది."

కాగితం మీద మొదటి పేరు ఆర్లిస్. డెబ్బై నాలుగేళ్ల మనిషి, బుధవారం ప్రార్థన కూటానికి పెద్ద. లవాన్ పెళ్లి కేకు చేసింది ఆవిడే. దారి పొడుగునా లవాన్ మాటలు కూర్చుకుంది. బ్రెంట్ ఎవరితో అన్నాడు, ఎప్పుడన్నాడు, అన్నీ కక్కించి తీరాలి. ఆ తర్వాత ఈ ముసలమ్మకి జన్మలో మరిచిపోలేని పాఠం చెప్పాలి.

ఆర్లిస్ వెనక పెరట్లో టమాటా మొక్కలకి కర్రలు కడుతోంది. లవాన్ నిండు గిన్నెని మెట్ల మీద ఠప్పున పెట్టింది.

"అక్కా, సూటిగా అడుగుతున్నాను. బ్రెంట్ ఈ మాట నీతో అన్నాడా, ఇంకెవరితోనైనా అంటే నువ్వు విన్నావా?"

"ఏ బ్రెంట్? మీ అల్లుడా?" ఆర్లిస్ నడుం పట్టుకుని నిలబడింది. "ఈస్టర్ తర్వాత ఆ అబ్బాయి నా కంట పడితే ఒట్టు."

"మరి నీకెవరు చెప్పారు?"

"నువ్వే కదా!"

"నేనా?"

"బుధవారం. చర్చి కింద గదిలో. నీ చెయ్యి నా చేతిలోనే ఉంది."

లవాన్ తన చెయ్యి కేసి చూసుకుంది.

"అది ప్రార్థన!" అంది.

"అవును, ప్రార్థనే. ఎంత బాగా చేశావో! 'ప్రభువా, పదకొండు వారాలు నా కూతురి కడుపున ఉంచి తీసుకున్నావు, ఆ చల్లటి బాత్రూము నేల మీద అది ఒక్కతే ఉన్నప్పుడు నువ్వెక్కడున్నావు' అన్నావు. నాకు ఏడుపాగలేదు. గ్లెండాకి చెప్పేటప్పుడు కూడా నీ మాటలు నీ మాటల్లాగే చెప్పాలని చూశాను."

"నేను దేవుడితో చెప్పుకున్నాను! మీతో చెప్పలేదు!"

"మేమందరం ఆమేన్ అన్నాం కదే," అంది ఆర్లిస్ అయోమయంగా. ఆవిడ గొంతులో రవ్వంత దెప్పు కూడా లేదు, నిజంగానే తెలియక అడిగింది. "ఆయనకొక్కడికే అయితే అంత గట్టిగా ఎందుకు చెప్పావ్?"

లవాన్ మెట్ల మీద, గిన్నె పక్కన కూర్చుంది.

బుధవారం కూటంలో ఎనిమిది మంది గుండ్రంగా కూర్చుని చేతులు పట్టుకుంటారు. కళ్లు మూసుకుని ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థిస్తారు. పైకి చెప్పడం ఇష్టం లేనివాళ్లు పక్కవాళ్ల చెయ్యి నొక్కితే చాలు, వంతు ముందుకు వెళ్లిపోతుంది. నొక్కేవాళ్లంటే లవాన్‌కి మొదట్నించీ చిన్నచూపే. తను ఏనాడూ నొక్కలేదు. లవాన్ ప్రార్థన చేస్తే రాళ్లు కరుగుతాయని పాస్టరు గారే అన్నారు. ఆ రోజు కూడా తన వంతు వచ్చింది, నాలుగు మాటలు అనేసరికి చుట్టూ ముక్కులు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడుకి ఇంకా చెప్పాలనిపించింది. బాత్రూము నేల సంగతి అప్పుడే చెప్పింది. అబద్ధమాడలేదు తను, ఒట్టు తప్పాననుకోలేదు. కళ్లు మూసుకుని ఉంది కాబట్టి గదిలో ఎవరూ లేరనుకుంది.

ఇప్పుడు కోపం పెట్టుకోవడానికి చోటు లేదు. ఆర్లిస్ మీద పెట్టుకుంది. "ఒక్కసారి నన్ను అడిగి ఉండాల్సింది," అంది. అది నిజమే, ఆవిడ అడిగి ఉండాల్సిందే. కానీ ఆ నిజం అల్లుణ్ని ఇంటికి తీసుకురాదు.

కెండ్రా ఈసారి తలుపు తీసింది. లవాన్ గుమ్మంలోనే నిలబడి చెప్పేసింది, కూర్చుంటే చెప్పలేనేమోనని.

"బ్రెంట్ కాదు. నేనే. బుధవారం ప్రార్థనలో పైకి అనేశాను."

కెండ్రా తల్లిని ఎగాదిగా చూసింది. "ఎంతమంది ఉన్నారు?"

"నాతో కలిపి ఎనిమిది మంది."

"కడుపు పోయిందని మాత్రమే అన్నావా?"

లవాన్ చేతిలో కారు తాళాలు అటూ ఇటూ మార్చుకుంది.

"బాత్రూము సంగతి కూడానా? నేల మీద కూర్చున్నానని?"

"నేను దేవుడి ముందు..."

"దేవుడి పేరెత్తకు!" కెండ్రా అరిచింది. ఆ పిల్ల అలా అరవడం లవాన్ ఎరగదు. "నేను నీతో చెప్పుకున్నానమ్మా. పాస్టరు దగ్గరికెళ్లలేదు, ఎవరి దగ్గరికీ పోలేదు, మా అమ్మతో చెప్పుకున్నాను. నువ్వు దాన్ని పట్టుకెళ్లి అందరూ మెచ్చుకునేలా ప్రార్థన చేశావు. పైగా పొద్దున ఫోన్లో వాడి మీద ఎన్నన్నావ్? నేను నమ్మాను. వాడు ఏడుస్తూ బ్యాగు తీసుకెళ్లాడు. పోయింది వాడి బిడ్డ కూడా."

తల్లి ఎదురుగానే ఫోను తీసి నంబరు నొక్కింది. "ఇంటికి రా," అంది. "నువ్వు కాదు. మా అమ్మ." ఆ రెండు మాటలకే లవాన్‌కి తల కొట్టేసినట్టయింది.

"నీకోసం ప్రార్థన చేస్తూనే ఉంటానే," అంది వెళ్లబోతూ. ఇంకేం అనాలో తెలియక అంది.

"చేసుకో. ఎవరికీ వినపడకుండా చెయ్యగలిగితే చెయ్యి. లేకపోతే వద్దు."

కారెక్కి, తాళం తిప్పకుండా లవాన్ చాలాసేపు కూర్చుంది. అలవాటు కొద్దీ కళ్లు మూసుకుంటే పెదవులు వాటంతటవే కదిలాయి. 'ప్రభువా' అన్న తర్వాత వచ్చిన మాట ఎవరో వింటే ఎంత బాగుంటుందో అన్నట్టుగా ఉంది. తన మీద తనకే అసహ్యమేసి నోరు మూసేసుకుంది.

బుధవారం మళ్లీ వచ్చింది. హార్లన్ ఇంకా ముభావంగానే ఉన్నాడు. కెండ్రా ఫోను ఎత్తడం లేదు. చర్చి కింద గదిలో కాఫీ వాసన, ఎనిమిది కుర్చీలు. ఆర్లిస్ తన పక్క కుర్చీ చూపించి, లవాన్ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"ఇవాళ మన కెండ్రాని ముఖ్యంగా ప్రభువు పాదాల దగ్గర పెడదాం," అంది. "లవాన్, నువ్వే మొదలుపెట్టమ్మా. నీకంటే బాగా ఎవరు చెప్పగలరు?"

అందరూ తలలు వంచారు, కళ్లు మూశారు. అందరి ఊపిరీ తన కోసమే ఆగినట్టు లవాన్‌కి తెలుస్తోంది.

లవాన్ ఆర్లిస్ చెయ్యి నొక్కింది.

పాపం, దుఃఖం పొర్లుకొచ్చి మాట పెగలడం లేదనుకుంది ఆర్లిస్. ఓదార్పుగా తనూ తిరిగి నొక్కి, "చెప్పుకోమ్మా, చెప్పుకో," అని గొణిగింది.

లవాన్ మళ్లీ నొక్కింది. ఈసారి వేలి ఉంగరం ముసలమ్మ కణుపులో దిగేలా నొక్కింది. "అబ్బా!" అంది ఆర్లిస్. చుట్టూ అందరూ కళ్లు తెరిచి చూశారు. లవాన్ కళ్లు మొదట్నించీ తెరిచే ఉన్నాయి.

"నా వంతు అయిపోయింది అక్కా," అంది. "ఇక నీది చెప్పు, మేం వింటాం."