అకెమోరి వంశంలో పదిహేనోవాడు

మధ్యాహ్నం జావ పట్టుకుని వెళ్లేసరికి ముసలాయన పోయాడు.

రాధాకుమారి గిన్నె కింద పెట్టి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి లేదు. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. చెయ్యాల్సినవేవో చేసి, నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాక గానీ ఆమెకు అసలు సంగతి తట్టలేదు. టోక్యో నుంచి వచ్చిన లాయరు తనబె ఇంకాసేపట్లో ఈ మెట్లెక్కబోతున్నాడు.

"సూరీ!" అని కేక పెట్టింది.

అకెమోరి గారంటే బర్మాలోని ఈ బోటాటౌంగ్ పేటలో అందరికీ ఒక జపాన్ ముసలాయన, అంతే. నిజానికి ఆయన ఒకప్పుడు సముద్రం ఒడ్డున చిన్న రాజ్యమేలిన సమురాయ్ వంశానికి పద్నాలుగో పెద్ద. యుద్ధంలో బర్మాలో పోయిన పెదనాన్న ఎముకలు వెతుక్కుంటూ వచ్చాడు. ఎముకలు దొరకలేదు. ఆయన మాత్రం తిరిగి వెళ్లలేదు. పెళ్లీ పిల్లలూ లేరు. వండిపెట్టే రాధాకుమారి కొడుకు సూరిని కూర్చోబెట్టి తన భాష నేర్పాడు.

పోయిన నెల వార్డులో సైన్యానికి చీటీలు తీస్తే సూరి పేరు వచ్చింది. వెళ్లినవాళ్ల కబురు మళ్లీ ఇంటికి రావడం లేదు. రాధాకుమారి ముసలాయన కాళ్ల మీద పడింది. ఆయన నవ్వాడు. "మాది రక్తంతో వచ్చిన వంశం కాదు, పేరుతో వచ్చిన వంశం. సగంమంది దత్తుకొచ్చినవాళ్లే. వీణ్ని నేను దత్తత తీసుకుంటాను. జపాన్ వెళ్లిపోతాడు" అన్నాడు. ఆ తరవాతే పక్షవాతం వచ్చి మంచానపడ్డాడు. లాయరు దారులన్నీ చూసిపెట్టాడు. ఒక్కటే మిగిలింది. ఆయన బతికుండగా, లాయరు చెవిన పడేలా, సరేననాలి.

సూరి వచ్చాడు. మంచం వంక చూసి గోడకు జారబడి కూర్చుండిపోయాడు.

"ఐపోనాదమ్మా. రేపో మాపో బండొస్తాది."

"నోర్ముయ్. ఆ మూడో దొర కత ఏటి, తాతగోరు సెప్పీవోరు?"

సూరి తలెత్తాడు. ఆ కథ వాడికి కంఠతా వచ్చు. వారసుడెవరో చెప్పకుండా దొర పోతే రాజ్యం జపాన్‌నంతా ఏలే షోగన్‌ది అయిపోయే రోజులవి. మూడో దొర అలాగే పోయాడు. కొలువువాళ్లు శవాన్ని తెర వెనక కూర్చోబెట్టారు. షోగన్ మనిషి తనిఖీకి వచ్చి, "ఈ కుర్రవాణ్ని దత్తత తీసుకుంటున్నారా?" అని అడిగితే తెర వెనక నుంచి ఒక నౌకరు "హై" అన్నాడు, అంటే సరేనని. అలా నిలిచింది వంశం.

"అమ్మా, నాకు బయ్యమేస్తంది."

"నాకు నేదేటి? ఎల్లి మంచం ఎనకాల కూకో. ఆయన్నాగే గొంతు బొంగురుగా అను. ఒక్క మాటే."

ఆమె దోమతెర దించింది. కిటికీకి దుప్పటి కట్టింది. గది మసకబారింది.

తనబె చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. వెనకే దుబాసీ మూర్తి. లత అనే పేటలో స్టీలు సామాన్ల కొట్టు ఆయనది. ఒకప్పుడు జపాన్ కంపెనీలో పనిచేసి ఆ భాష నేర్చుకున్నాడు. లాయరు మాటలు రాధాకుమారికి తెలుగులో చెప్పడానికి వచ్చాడు.

లాయరు దోమతెర ముందు మోకాళ్ల మీద కూర్చుని, వంగి నమస్కరించి, జపనీస్‌లో అడిగాడు. సూరి పేరు ఒక్కటే ఆమెకు అర్థమైంది.

తెర వెనక దగ్గు. తరవాత బొంగురుగా, "హై."

లాయరు తల పంకించి సంచీ తెరిచాడు. సరిగ్గా అప్పుడే, పొద్దుటి నుంచి లేని కరెంటు వచ్చింది. పంకా గిర్రున తిరిగింది. దోమతెర పక్కకి తేలింది. కాళ్ల మీది దుప్పటి తొలగింది.

బొటనవేళ్లు రెండూ తెల్ల గుడ్డపీలికతో కలిపి కట్టి ఉన్నాయి.

కట్టింది రాధాకుమారే. తల్లికీ, మొగుడికీ కట్టిన చేతులు. ఊపిరి లేదని తెలియగానే, బుర్ర పనిచెయ్యకముందే వాటి పని అవి చేసేశాయి.

లాయరు చూశాడు. ఏదో వైద్యం అనుకున్నాడు కాబోలు, కాగితాలు తీస్తున్నాడు. కానీ మూర్తి తెలుగువాడు. లేచి, దుప్పటి నెమ్మదిగా కాళ్ల మీదికి లాగి, నవ్వుమొహంతోనే తెలుగులో అన్నాడు:

"రాధా, ఎప్పుడు పోనాడు పెద్దాయన?"

ఆమె ఎగురుతున్న దోమతెర అంచు ఒడిసిపట్టుకుంది.

"నవ్వు తల్లీ, నవ్వు. లాయరు సూస్తన్నాడు. మీవోడేనా ఆ ఎనకాల?"

"అన్నియ్యా, నీ కాళ్లు మొక్కుతాను. ఒక్కగానొక్కడు."

"నాకూ ఒక్కడే. మా ఆంజనేయప్రసాద్‌కీ చీటీ వొచ్చింది. ఏటి సెయ్యమంటావు?"

జవాబు కోసం ఆగలేదు. మంచం వైపు తిరిగి జపనీస్‌లో గట్టిగా ఏదో అడిగాడు. కొడుకు పేరు చెప్పాడు. లాయరు కాగితాల నుంచి తలెత్తాడు.

తెర వెనక నుంచి ఉత్త దగ్గే వినిపించింది.

"అనరా బాబూ," అంది రాధాకుమారి తెలుగులో, ముసలాయన దుప్పటి సర్దుతున్నట్టు వంగి. "అనకపోతే ఇద్దరం ఐపోతాం."

"...హై."

తనబె చాలాసేపు దోమతెర వంకే చూశాడు. తరవాత తీసిన కాగితాలు మళ్లీ సంచీలో పెట్టేశాడు. మూర్తి తెలుగులో చెప్పాడు. ఇద్దరైతే మళ్లీ రాయాలట. రేపు పొద్దున వస్తాడట. అప్పుడు పెద్దాయన చేతిలో ముద్ర పెట్టి వేయించుకుంటాడట. చెయ్యి పట్టుకుని వేయించినా చాలట.

లాయరు ఇందాకటికంటే కిందికి వంగి నమస్కరించి మెట్లు దిగిపోయాడు.

"రేప్పొద్దున్న!" అంది రాధాకుమారి. "ఈ ఎండల్లో ఉంటాడేటి ఆయన?"

మూర్తి చొక్కా చేతులు మడుచుకున్నాడు. "చిమిండైంగ్ రేవులో సేపలోళ్ల కాడ ఐసు దొరుకుద్ది. పద."

సాయంత్రం ఎండ ఇంకా దిగలేదు. కరెంటు మళ్లీ పోయింది. గోనెలో చుట్టిన ఐసు దిమ్మని చెరోవైపు పట్టుకుని ఇద్దరూ మెట్లెక్కుతున్నారు. ఇంకా రెండు దిమ్మలు కింద సైకిల్ రిక్షాలో ఉన్నాయి. నీళ్లు మోచేతుల మీదుగా కారుతున్నాయి. పైన సూరి ఒక్కడే శవానికి విసురుతున్నాడు.

మలుపులో మూర్తి ఊపిరి తీసుకోడానికి ఆగాడు.

"మీవోడు ఏ సంవత్సరం పుట్టేడు?"

"దేనికి?"

"ఊరికే. ఇద్దరు కొడుకులుంటే పెద్దోడికే గదా వొంశం? మావోడు కొంచెం పెద్దే అనుకుంటాను."

చేతులు కొంకర్లు పోతున్నా రాధాకుమారి దిమ్మ వదల్లేదు.

"ముసలాయన ఇంకా బతికుండగానే పంపకాలేటి, అన్నియ్యా?" అంది. "ఎత్తు."