హార్లన్ సాక్సులు

ఇరవై ఆరేళ్ళు సాక్సుల మిల్లులో పనిచేసినదాన్ని. ఎవరు ఎదురైనా నా కళ్ళు ముందు వాళ్ళ పాదాల మీదికే పోతాయి. చర్చిలో పాస్టరుగారి సాక్సు మడమ దగ్గర చిరిగి ఉంటే, ఆయన ప్రసంగంలో ఒక్క ముక్క నా చెవికెక్కదు. అలాంటి నా పక్క కుర్చీలోనే, కాలేజీలో మొదటి రోజున, ఒక కాలికి ఆకుపచ్చ సాక్సు, ఇంకో కాలికి గోధుమరంగు సాక్సు వేసుకున్న మనిషి వచ్చి కూర్చున్నాడు.

"ఏమయ్యా, చీకట్లో వేసుకొచ్చావా, పందెం ఓడిపోయావా?" అన్నాను.

అతను వంగి చూసుకున్నాడు. నా చొక్కాకి అంటించిన పేరు చదివి, "ఇప్పుడిదే ఫ్యాషన్, మిస్ ఓపల్," అన్నాడు. చెవులు మాత్రం కందిపోయాయి.

పేరు హార్లన్ స్టోవాల్. నలభై తొమ్మిదేళ్ళు. మా మిల్లు పెట్టెలనే పదకొండేళ్ళు లారీలో మోసిన మనిషట. మిల్లు మూతపడ్డాక నేను, నడుం పడిపోయాక అతను, మా కౌంటీ కాలేజీలో రెండేళ్ళ కంప్యూటరు డిగ్రీలో చేరాం. క్లాసులో మిగతావాళ్ళంతా మా పిల్లల కంటే చిన్నవాళ్ళు. వాళ్ళు ఒక్క చూపుతో పట్టేసేది మేము నాలుగుసార్లు చదివేవాళ్ళం. అయినా నేనేం తీసిపోలేదు. దారం ఎక్కడ తెగిందో వెతకడం తెలిసినదానికి ప్రోగ్రాములో తప్పు వెతకడం ఎంత పని? హార్లన్ లెక్కల్లో గట్టి. నేను అతనికి రాత పనులు దిద్దేదాన్ని, అతను నాకు ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తెచ్చేవాడు. అలా మూడు సెమిస్టర్లు నవ్వుకుంటూ గడిచిపోయాయి.

నాలుగోది నెట్‌వర్కుల క్లాసు. మా టీచరు మిస్ టీగ్ ముప్ఫై దాటని పిల్ల, కానీ గీత గీస్తే దాటనివ్వదు. మొదటి వారమే కంప్యూటర్లని కలిపే కేబుళ్ళు చేయించింది. నీలం తొడుగు ఒలిస్తే లోపల ఎనిమిది తీగలు, రెండేసి మెలేసి నాలుగు జతలు: నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ. వాటిని చెప్పిన వరసలో పేర్చి, ప్లగ్గులోకి దూర్చి, పటకారుతో నొక్కాలి. రెండో చివరా అలాగే. ఆ తర్వాత పరీక్షించే డబ్బాకి తగిలిస్తే ఒకటి నుంచి ఎనిమిది దాకా దీపాలు వరసగా వెలగాలి. నావి రెండు సార్లు తప్పాయి. హార్లన్‌వి ఒక్కసారీ తప్పలేదు.

ఏప్రిల్లో ఒకరోజు, ఇంత బాగా ఎలా చేస్తాడా అని అతని కేబులు తీసుకుని చూశాను. నారింజ ఉండాల్సిన చోట గోధుమ ఉంది. గోధుమ చోట నారింజ. రెండో చివర చూస్తే అక్కడా అదే. రెండు చివర్లా ఒకే తప్పు చేస్తే దీపాలు ఎందుకు వెలగవు, శుభ్రంగా వెలుగుతాయి. కానీ ఆఖరి పరీక్షలో ఒక చివర టీచరే గోడకి బిగించి ఉంచుతుంది. మన చివర దానితో కలవాలి. ఎవరి సొంత వరస అక్కడ చెల్లదు.

అప్పుడు బల్ల కిందికి చూశాను. ఒక ఆకుపచ్చ, ఒక గోధుమ. నా బుర్రకి వెలగడానికి రెండేళ్ళు పట్టింది.

క్లాసయ్యాక అతని ట్రక్కు దగ్గర పట్టుకున్నాను.

"ఈ కాలికి ఏం రంగు సాక్సు వేశావు?"

"గోధుమ."

"దానికి?"

"అదీ గోధుమే కదా." నా ముఖం చూసి ఆగిపోయాడు. "కాదా?"

వేరుశనక్కాయల పొట్లం బానెట్ మీద పెట్టి, నేల చూస్తూ చెప్పాడు. "నీలం తెలుస్తుంది మిస్ ఓపల్. మిగతా మూడూ ఒకే బురద. పంతొమ్మిదేళ్ళప్పుడు రైల్వేలో పనికి పోతే రంగుల చుక్కలు చూపించి, అంకె చెప్పమన్నారు. అక్కడ అంకె ఉందనే నాకు తెలీదు. నవ్వి పంపేశారు. మళ్ళీ ఎవరికీ చెప్పలేదు."

"మరి జతలెలా పట్టుకుంటున్నావు?"

"తడిమి. ఒక్కో జతకి మెలిక ఒక్కోలా ఉంటుంది. ఒకటి బిగువు, ఒకటి వదులు."

దారం పురి వేళ్ళతో చూసి చెప్పడం నా ఇరవై ఆరేళ్ళ బతుకు. ఈ లారీ మనిషి అదే పని నా పక్కనే కూర్చుని చేస్తుంటే నాకు తెలియలేదు.

"టీచరుకి చెప్పు," అన్నాను.

"చెప్తే ఇదీ పోతుంది. కౌంటీ బడుల్లో కంప్యూటర్ల పని నాకోసం మే నెలాఖరు దాకా ఆపి ఉంచారు. ఈ క్లాసు మళ్ళీ ఏడాదికి గాని రాదు. మీరు చెప్పనని మాటివ్వండి."

నా నోట్లో నువ్వు గింజ నానదని ఊరంతటికీ తెలుసు. అయినా మాటిచ్చాను. మూడు వారాలు నా వంటింటి బల్ల మీద కాలేజీ పెట్టెలోని కేబులు ముక్కలతోనే కూర్చున్నాం. అన్నిటికంటే బిగువైనది ఆకుపచ్చ, దాని తర్వాత నారింజ, అన్నిటికంటే వదులు గోధుమ. చివరికి కళ్ళు మూసుకుని, టీ తాగుతూ కూడా సరిగ్గా పేర్చేవాడు.

పరీక్ష రోజు వచ్చింది. మిస్ టీగ్ కొత్త కేబులు పెట్టె కోసి, ముక్కలకి ఒక చివర తనే గోడకి బిగించింది. పాతది అయిపోయిందట. "మాట్లాడితే పేపరు కొట్టేస్తాను. ప్లగ్గులు ఒక్కొక్కరికి రెండే, ఒకటి తప్పితే ఇంకొకటి," అంది.

నా ముక్క ఒలిచి వేళ్ళ మధ్య తిప్పానో లేదో తెలిసిపోయింది. వేరే కంపెనీ సరుకు. మెలికలు తారుమారు: ఇక్కడ నారింజ వదులు, గోధుమ బిగువు. పక్క బల్ల దగ్గర హార్లన్ హాయిగా కళ్ళు మూసుకుని తడుముతున్నాడు. చెప్దామంటే ఇద్దరి పేపర్లూ పోతాయి. చెప్పకపోతే అతనిది పోతుంది. నా కేబులు ఎలా చేశానో నాకే తెలియదు, దీపాలైతే వెలిగాయి.

హార్లన్ ప్లగ్గు నొక్కి డబ్బాకి తగిలించాడు. ఒకటో దీపం వెలగాల్సిన చోట ఏడోది వెలిగింది. ఆ ప్లగ్గు కోసి పక్కన పడేశాడు. ఇక మిగిలింది ఒక్క ప్లగ్గు. నా వైపు చూశాడు. నేను నోరు బిగించి, తల వంచి, అతని పాదాల వైపు చూశాను. ఆ రోజూ ఒక ఆకుపచ్చ, ఒక గోధుమ. కదల్లేదు, రెప్ప వెయ్యలేదు, అలాగే చూశాను. చూడకూడదని టీచరు అనలేదుగా.

అతనూ కిందికి చూసుకున్నాడు. నేను ఏం చూస్తున్నానో అతనికి కనబడదు, కానీ రంగులే తప్పాయని అర్థమైంది. ముక్కుతో చిన్నగా నవ్వాడు. చెయ్యెత్తాడు.

"మేడమ్, నాకు రంగులు కనబడవు."

క్లాసంతా తలెత్తింది. ఒక్కరూ నవ్వలేదు. మిస్ టీగ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎప్పటినుంచి?"

"పుట్టినప్పటినుంచి, మేడమ్."

"మొదటి రోజే చెప్పాల్సింది. దానికో ఫారం ఉంది, ఒక్క పేజీ." నా వైపు తిరిగింది. "ఓపల్, నీది అయిపోయింది కదా, ఇలా రా. రంగుల పేర్లు మాత్రమే చెప్పు. వరస మాట ఎత్తావంటే ఇద్దరినీ పంపించేస్తా."

ముప్ఫై ఏళ్ళు ఒక్క పేజీ కాగితానికి భయపడ్డాడా ఈ మనిషి అని నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. వెళ్ళి ఒక్కో జతా తాకి చెప్పాను. నారింజ, ఆకుపచ్చ, గోధుమ. నీలం చెప్పబోతే, "అది నాకు తెలుసు," అన్నాడు. ఒక్కసారే విన్నాడు. కళ్ళు మూసుకున్నాడు, తడిమాడు, పేర్చాడు, నొక్కాడు. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది దాకా దీపాలు బుద్ధిగా నడిచాయి.

ఆ వారమే ఇంట్లో కూర్చుని అతనికి నాలుగు జతలు అల్లాను. గోధుమరంగు వాటికి అంచు లోపల ఒక ముడి, ఆకుపచ్చ వాటికి రెండు. కళ్ళతో పనిలేదు, వేలు చాలు.

పట్టాలిచ్చే రోజు నీలం గౌన్లు వేసుకుని వరసలో నిలబడ్డాం. అలవాటు చొప్పున కిందికి చూశాను. ఒక ఆకుపచ్చ, ఒక గోధుమ. నాకు ఒళ్ళు మండింది.

"ముడులు వేసి మరీ ఇచ్చాను కదయ్యా. ఆ మాత్రం తడుముకోలేకపోయావా?"

"తడిమి చూసే వేసుకున్నా, మిస్ ఓపల్. పరీక్ష రోజు నా సాక్సులు జత కుదిరి ఉంటే నేనిక్కడ ఉండేవాణ్ణా?"

ఇంతలో హార్లన్ స్టోవాల్ అని పిలిచారు. అందరూ అతని ముఖం చూసి చప్పట్లు కొట్టారు. నేను కాళ్ళు చూసి కొట్టాను.