అరటిమట్ట అచ్చు

కత్తిపీట మీద కూర్చుని గోరుచిక్కుళ్లు తరుగుతుంటే మా ఆయన గుమ్మంలోంచే అడిగారు. "నాలుగేళ్ల పిల్లల చేతికి కత్తులిచ్చావంట కదా?"

తాడేపల్లిగూడెంలో మా చర్చి వరండాలో, ఆ రెండువేల నాలుగు వేసవిలో, నేను చెప్పే బొమ్మల క్లాసు సంగతది. జీతం లేదు. "ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా" అని అప్పజెప్పింది కమిటీ సెక్రటరీ అయిన ఈయనే. అరటాకు మట్టని అడ్డంగా కోసి, రంగులో ముంచి కాగితం మీద అద్దితే తేనెపట్టులాంటి అచ్చు పడుతుంది. కోసేది పిల్లలే. పళ్లు కోసే చిన్న కత్తితో, ఒక్కొక్కరుగా, నా ఎదురుగా కూర్చుని.

"నువ్వే కోసివ్వు. లేకపోతే క్లాసు ఆపేయమంటున్నారు కమిటీ పెద్ద బాలస్వామిగారు. వాళ్ల మనవరాలు జాయ్సీ ఉందిగా అందులో."

"పిల్లల చేతికి కత్తంటే భయం ఉండక్కర్లా?" అన్నారు అత్తయ్యగారు, తరిగిన ముక్కలు అందుకుంటూ.

నేను కోసిస్తే ఆ అచ్చు నాదవుతుంది, వాళ్లది కాదు. నాకు ఆరేళ్లప్పుడు అమ్మ ఇలాంటి కత్తిపీట ముందే కూర్చోబెట్టింది. వేలు తెగితే పసుపద్ది, మిగతా వంకాయలు కూడా తరగమంది. ఆడపిల్లకి పని వచ్చేసిందని నాన్న మురిసిపోయారు. కూరకి పట్టినప్పుడు ఎవరికీ భయం వెయ్యని కత్తి, బొమ్మకి పట్టేసరికి ప్రమాదమైపోయింది.

"రేపు మీరూ, బాలస్వామిగారూ వచ్చి చూడండి. చూశాక ఆపమంటే ఆపేస్తాను," అన్నాను.

మర్నాడు ఇద్దరూ వచ్చి నిలబడ్డారు. జాయ్సీ కత్తి తీసుకుంది. మట్ట గుండ్రటి వీపు మీద అటూ ఇటూ దొర్లుతోంది.

"అమ్మో, తల్లీ!" బాలస్వామిగారు ముందుకొచ్చారు.

"ఆగండి," అన్నాను. నా చేతులే సాయానికి వెళ్లబోతుంటే రెండూ వెనక్కి కట్టుకున్నాను.

జాయ్సీ కత్తి పక్కన పెట్టింది. మట్టని బోర్లించి, కదిపి చూసింది. "ఇప్పుడు దొర్లదు టీచరుగారూ," అని వేళ్లు దూరంగా జరుపుకుని కోసింది. మొదటి అచ్చు తాతయ్య తెల్లచొక్కా మీదే వేసింది.

"అరటి మరక, పోదేమోనమ్మా," అన్నారాయన. ఆ చొక్కాతోనే కమిటీకి వెళ్లారు.

సాయంత్రం మా ఆయన కుర్చీలో వాలారు. "క్లాసు ఉంచమన్నారులే. బానే నేర్పావు. ఆకలేస్తోంది, కూరేంటి?"

బెండకాయలూ, ఆ చిన్న కత్తీ ఆయన ముందు పెట్టాను.

"నాకా? నాకు చేతకాదు. తెగితే?"

"మొదటిరోజు జాయ్సీ కూడా అదే అడిగిందండీ. వేళ్లు దూరంగా పెట్టుకోండి. తెగితే పసుపుంది."

ఆయన అత్తయ్యగారి వైపు చూశారు. నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.