పంపు కింద చుక్క

ఇంజను చుట్టూ గుడ్డతో పొడిగా తుడిచి, కింద పాత పేపరు పరిచి, రంగసామి మళ్ళీ బోర్లా పడుకున్నాడు. అరవై దాటిన మనిషి. మోచేతుల దాకా గ్రీజు, ఎడమ బొటనవేలికి గోరు లేదు. ఆ తెరచాప పడవ అడుగున ఇంజను అరలో దూరాలంటే ఊపిరి బిగపట్టాల్సిందే.

పేపరు మీద చుక్క పడింది, పంపు అడుగున బెజ్జంలోంచి. వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు. రాయపురం హార్బరులో ఈ పరీక్ష చూసి నవ్వనివాళ్ళు లేరు. నవ్వుకోనీ! ఇంజను లోపల తిరిగేది మంచినీళ్ళు, వాటిని చల్లార్చేది సముద్రపు నీళ్ళు. ఏది కారుతోందో నాలుక కంటే సూటిగా ఎవరు చెబుతారు? ఉప్పు. నిన్నా ఉప్పే. సముద్రపు నీటి పంపులో నీళ్ళు కారకుండా పట్టి ఉంచే సీలు అరిగింది. కొత్త సీలు వారం నుంచీ అతని చొక్కా జేబులోనే ఉంది.

ముప్పై ఏళ్ళుగా ఈ ఇంజను అతని చేతి మీదే బతికింది. హార్బరు దాటాక దాన్ని ఆపి తెరచాప ఎత్తుతారట. చప్పుడే ఉండదట. బయల్దేరే ముందు రంగసామి గట్టు మీదికి దిగిపోతాడు. రమ్మని ఎవరూ అనలేదు, వస్తానని అతనూ నోరు తెరవలేదు. ఏం మనిషో!

ఇప్పుడు పడవ అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళకి అప్పగించడానికి ఈ రోజే పాండిచ్చేరికి ప్రయాణం. "ఆ చుక్క నిలవకపోతే నువ్వూ రావాల్సిందేన్నా" అని ఓనరు ఆనందన్ వారం కిందటే అన్నాడు. ఆ మాట పట్టుకుని రంగసామి భార్య వాసవాంబ పొద్దున్నే గుడ్డసంచిలో పులిహోర, పంచె సర్దింది. "ఆడ గాలి చల్లగా ఉంటాది. మఫ్లరు పైనే పెట్టినా" అంది. ఆ సంచి తెచ్చి గట్టు రాయి మీద పెట్టి రంగసామి పడవలోకి దిగాడు.

"ఏమన్నా, నిలిచిందా?" పైనుంచి ఆనందన్ గొంతు.

నిలవలేదు అంటే చాలు. పాండిచ్చేరి దాకా సముద్రమంతా అతనిదే. కానీ మందు జేబులో పెట్టుకుని రోగి పక్కన కూర్చున్నట్టుంది. చెయ్యి ఒప్పుకోలేదు.

"ఇంకో అరగంట సార్" అని స్పానరు అందుకున్నాడు.

పంపు ఊడదీసి, సీలు మార్చి, బిగించి, ఇంజను తిప్పాడు. పావుగంట పేపరు వంకే చూశాడు. ఒక్క చుక్క, ఒక్కటంటే ఒక్కటి పడితే బాగుండునని మనసారా కోరుకున్నాడు. పడలేదు.

"అయిపోయినాది సార్. ఇంక కారదు. ఎవురూ పక్కనుండి చూడాల్సిన పన్లా."

"నీ చెయ్యి చెయ్యేన్నా!" ఆనందన్ భుజం తట్టాడు.

ఊరికే వస్తా సార్ అనే మాట గొంతు దాకా వచ్చింది. పని లేని మనిషి పడవలో ఎందుకు? రంగసామి గట్టెక్కాడు.

పడవ హార్బరు రాతికట్ట దాటాక ఇంజను చప్పుడు ఆగింది. చెవి రిక్కించి విన్నాడు. తెల్లటి తెరచాప లేచింది. అది చుక్కంత అయి, అదీ కనపడకుండా పోయేదాకా నిలబడి, పనిముట్ల పెట్టె ఎత్తుకుని ఇంటి దారి పట్టాడు.

గట్టు రాయి మీదే ఉండిపోయింది గుడ్డసంచి, దానిమీద మడత విప్పని మఫ్లరు, వాసవాంబ వేసిన ముడి వేసినట్టే.