తోడల్లుడి దీపాలు

ఆ అయిదంతస్తుల ఆఫీసుకు ఇరవై రెండేళ్లుగా ఎలక్ట్రీషియన్ అతనే. ఏ స్విచ్ వేస్తే ఏ మూల దీపం వెలుగుతుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. అలాంటి చోటికి కొత్త లైట్లు పెట్టే ఇంజనీరుగా సొంత తోడల్లుడే దిగేసరికి అతనికి ఒళ్లు మండిపోయింది.

తోడల్లుడు మూడో అంతస్తు కప్పుకు గోలీకాయంత సెన్సర్లు బిగించాడు. కిటికీలోంచి ఎండ పడితే ఆ వరసలో దీపాలు వాటంతటవే తగ్గుతాయి, మబ్బు పడితే పెరుగుతాయి. నెల తిరిగేసరికి అక్కడ కరెంటు వాడకం మూడో వంతు తగ్గింది. మేనేజరు అందరి ముందూ తోడల్లుడి భుజం తట్టాడు. ఇంటికొస్తే భార్యదీ అదే పాట.

"మా చెల్లెలి మొగుడిది ఎంత బుర్రండీ!"

"మరి నా మెడ మీదున్నది గుమ్మడికాయా?" అంటూ కంచం ముందు నుంచి లేచిపోయాడు.

మర్నాడు ఎవరూ రాకముందే నిచ్చెనెక్కి, కిటికీ పక్కనున్న సెన్సరుకు నల్లటేపు ముక్క అంటించాడు. చీకటి పడిందనుకుని ఆ వరస దీపాలు పట్టపగలే భగ్గున వెలిగాయి. మేనేజరు తోడల్లుణ్ణి ఎప్పుడు నిలదీస్తాడా అని కాచుకుని కూర్చున్నాడు.

మేనేజరు తలెత్తి చూస్తేగా! మూడోరోజు మాత్రం కిటికీ దగ్గర కూర్చునే కంప్యూటర్ అమ్మాయి తడి రుమాలు నుదుటికి అద్దుకుంటూ కనిపించింది.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా?"

"పాత తలనొప్పే బాబాయ్. స్క్రీన్ మీద లైటు మెరుపు తగ్గాక నెల్రోజులు హాయిగా ఉన్నా. మళ్లీ మొదలైంది."

ఇన్నేళ్లూ తను వెలిగించిన దీపాల కిందే ఈ పిల్ల తల పట్టుకుని కూర్చుంది. ఆ సంగతి తనకు తట్టనే లేదు. తోడల్లుడికి తట్టింది. టేపు అంటించినదానికన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది.

భోజనాల వేళ నిచ్చెనెక్కి టేపు పీకాడు. కిందికి చూస్తే తోడల్లుడు నిచ్చెన పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నేనే అంటించా," అన్నాడతను.

"అర్థమైంది అన్నయ్యా. పీకుదామనే వచ్చా, ఈలోపు మీరే ఎక్కారు."

"మేనేజరుకు చెప్తావా?"

"చెప్తే వదిన నన్ను గుమ్మం తొక్కనిస్తుందా? అది సరే గానీ, తూర్పు హాల్లో నాలుగింటికల్లా లైట్లు పెరుగుతూ తగ్గుతూ ప్రాణం తీస్తున్నాయి. వారంగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నా."

"ఎదురు బిల్డింగువాళ్ల డాబా మీది అద్దాల తలుపు," అన్నాడతను వెంటనే. "నాలుగింటికి అక్కడి జనం బయటికొస్తారు. తలుపు తీసినప్పుడల్లా ఎండ మన హాల్లోకి కొడుతుంది."

ఇద్దరూ కలిసి ఆ సెన్సరును గోడ వైపు తిప్పారు. ఆ సాయంత్రం దీపాలు కుదుటపడ్డాయి.

"అన్నయ్య చెప్పకపోతే నాకు తట్టేది కాదు సార్," అన్నాడు తోడల్లుడు మేనేజరుతో. వీడికి బుర్రే కాదు, మంచితనం కూడా ఉందే అని అతని కడుపు మరోసారి భగ్గుమంది. మేనేజరు వెళ్లాక, మొహం పక్కకు తిప్పుకుని అడిగాడు.

"నాలుగో అంతస్తువి నేనే బిగిస్తా. ఎలాగో చూపించు."